జొంగ్సొన్ మామ్మ గదిలో ముప్ఫై ఒక్క పాములు

ప్యో జొంగిల్ బండి మీద "అన్ని రకాల కరెంటు పనులు చేయబడును" అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మినవాణ్ణి మా గని ఊరు తేబెక్‌లో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఏడో తరగతి దాకా వాడూ నేనూ ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఎనిమిదిలో నేను బడి మానేసి, మీసాలు వచ్చాక బొగ్గు గనిలో దిగాను. వాడు పన్నెండు దాకా చదివాడు. చదువుకున్నవాడు కదా, చేతికి పని తెలిసి ఉంటుంది కదా అని నా పాముల గదికి వైర్లు లాగమని పిలిచాను. మూడు రోజుల పని అన్నాడు. మూడు రోజులూ మధ్యాహ్నం పంది పొట్టమాంసం, సాయంత్రం సోజు సారా నా లెక్కే. అడిగిన కూలి అడిగినట్టు చేతిలో పెట్టాను. అన్నీ అయ్యాక తెలిసిందేంటంటే, గూళ్ల కింద ఉండే వేడి పట్టీలకీ, వేడిని అదుపు చేసే గోడ మీటలకీ, గుడ్లు పొదిగే పెట్టెకీ కలిపి ఒకటే సన్న లైను లాగాడు. అది చాలక, గూళ్లు పేర్చిన అల్మరా వెనక ఎవరికీ కనపడని చోట రెండు వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టి పోయాడు. ముప్ఫై ఒక్క ప్రాణాల్ని వాడు ఒక అరచేతెడు టేపుకి అప్పజెప్పాడు. గని మూసేశాక నాకు మిగిలిన బతుకు ఆ పాములే.

నేను పెంచేవి బంతిపాములు. ఆఫ్రికా జాతి. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతాయి, అందుకే ఆ పేరు. విషం లేదు, కోపం లేదు, నా కంటే నయం. ప్రతిదానికీ ప్రభుత్వం వాళ్ల కాగితం ఉంది. వాటి పెంపకంలో తిండి పెద్ద పని కాదు, వారానికో ఎలుక పెడితే చాలు. అసలు పనంతా వేడిది. పాముకి ఒంట్లో పొయ్యి ఉండదు. నేల ఎంత వెచ్చగా ఉంటే అది అంత వెచ్చగా ఉంటుంది. గూటిలో ఒక మూల ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు డిగ్రీలు ఉండాలి, రెండో మూల ఇరవై ఆరు ఉండాలి. తిన్నప్పుడు వెచ్చని మూలకి వస్తుంది, ఒళ్లు కాగాక చల్లని మూలకి జరుగుతుంది. ఆ జరుగుబాటే దాని ఆరోగ్యం. గూడంతా చల్లబడితే తిన్న ఎలుక కడుపులోనే కుళ్లుతుంది, ముక్కులోంచి బుడగలు వస్తాయి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంది. ఆపైన చేయగలిగింది ఏమీ ఉండదు.

గని పక్క వీధిలో మూతపడ్డ మంగలి కొట్టు అద్దెకి తీసుకుని వాటిని అందులో పెట్టాను. వెనక చిన్న గదిలో నా పరుపు. మా ఊరి ఇళ్లలోలా ఆ కొట్టు నేలలో వేడి గొట్టాలు లేవు, అంతా కరెంటే.

జనవరిలో ఆ బుధవారం పొద్దున బయట సున్నాకి పదిహేడు కింద ఉంది. ఏడుంపావుకి టీ కెటిల్ స్విచ్ వేశాను. అల్మరా వెనక టప్‌మని శబ్దం, ప్లాస్టిక్కు కాలిన వాసన. దీపాలన్నీ ఆరిపోయాయి. అల్మరా లాగి చూస్తే జొంగిల్ టేపు కరిగి, గోడ నల్లబడి ఉంది. కొట్టు యజమాని వచ్చి చూసి మీటర్ దగ్గర మెయిన్ కిందికి దించాడు.

"కొత్త వైరు పడేదాకా పైకెత్తితే ఒప్పుకోను. ఇల్లు కాలితే నువ్వు కడతావా?"

"పాములు చస్తాయండీ."

"ఇల్లు కాలినా చస్తాయి కదా."

ఆయనదీ తప్పు కాదు. జొంగిల్‌కి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాను. ఈసారి రెండు మోతలకే కట్ చేశాడు. అంటే బతికే ఉన్నాడు. వొంజులో నాలాగే పాములు పెంచే మనిషి ఉన్నాడు, అక్కడికి తీసుకుపోదామంటే కనుమ దారి మంచు పడి మూసేశారు. యొంగ్వొల్‌లో ఒక ముసలాయన కరెంటు పని బాగా చేస్తాడని విని ఆయనకి చేశాను. "దారి తెరవగానే వస్తా, శుక్రవారం లోపు కుదరదు" అన్నాడు. కనీసం నిజం చెప్పాడు.

పెద్ద వీధిలో ఆవిరి స్నానాల ఇల్లు ఉంది, అక్కడ గదులన్నీ వెచ్చగా ఉంటాయి. దాని యజమానురాలికి ఫోన్ చేశాను.

"అక్కా, రెండు రోజులకి ఒక మూల గది ఇస్తావా?"

"ఇస్తా. ఎంతమంది?"

"నేను, ఇంకా ముప్ఫై ఒకటి."

"అబ్బో, యాత్ర బస్సా! పడుకునేదానికి చాపలు చాలవే."

"చాపలు అక్కర్లేదక్కా. పాములు."

ఆ తర్వాత ఆవిడ ఏమందో నేనిక్కడ రాయను.

తొమ్మిదింటికి గూళ్లలో ఇరవై ఏడు. తొమ్మిదిన్నరకి ఇరవై అయిదు. సోమవారమే అన్నింటికీ ఎలుకలు పెట్టాను, అందరి కడుపులూ నిండుగా ఉన్నాయి. ఇరవై రెండుకి దిగాక ఒక్క పూట గడిస్తే లెక్క మారిపోతుంది. ఉన్న దుప్పట్లన్నీ అల్మరా మీద కప్పి ఏం చేయాలో తోచక గుమ్మం బయటికొచ్చి నిలబడ్డాను.

ఎదురింటి జొంగ్సొన్ మామ్మ అప్పుడే కాలిపోయిన కన్నాల బొగ్గు దిమ్మెల్ని వాలు మీద మంచులో పడేసి కాలితో చిదుపుతోంది, ఎవరూ జారి పడకుండా. ఆమె పుట్టింది జొంగ్సొన్‌లో, పెళ్లై ఇక్కడికొచ్చి అరవై ఏళ్లు దాటినా పిలుపు మాత్రం అదే. ఆమె మొగుడు కూడా గని మనిషే, ఆయన పోయి చాలా ఏళ్లైంది. నేను ఈ కొట్టులోకి దిగిన రోజున కీడు పోవాలని నా గడప ముందు ఉప్పు చల్లింది ఈవిడే. పాములవాణ్ణి పంపెయ్యాలని వీధంతా తిరిగి సంతకాలు తీసుకుంది కూడా ఈవిడే. అప్పటినుంచి ఎదురుపడితే తల ఊపడం, ఎత్తిపొడుపులు తప్ప మా మధ్య మాటల్లేవు.

"ఓయ్ పాముల పెళ్లికొడుకా! ఏంటా మొహం? కరిచిందా?"

"అవి కరవవు మామ్మగారూ. కరెంటు పోయింది. చలికి చచ్చిపోతున్నాయి."

కాలు ఆపింది. "ఎన్ని?"

"ముప్ఫై ఒకటి."

"విషం?"

"లేదు."

"పారిపోతాయా?"

"మూత పెడితే పోవు."

ఆమె తన ఇంటి పొగగొట్టం వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. మా వీధిలో ఇప్పటికీ బొగ్గు దిమ్మెలు కాల్చే ఇల్లు అదొక్కటే. మిగతావాళ్లంతా గ్యాసుకి మారిపోయారు.

"నా గది నేల వెచ్చగానే ఉంది. పట్టుకురా. ఒక్కటి మూత తీసుకుని బయటికొచ్చిందా, నిన్ను అదే పొయ్యిలో పెడతా."

"మామ్మగారూ, మీరు నామీద సంతకాలు..."

"అది మొన్నటి మాట. ఇవాళ చలి పదిహేడు. నిలబడి లెక్కలు చెప్తావా, తెస్తావా?"

తెచ్చాను. దిండు గలీబుల్లో ఒక్కొక్కటి వేసి మూతి కట్టి, క్యాబేజీలు వచ్చే తెల్ల థర్మోకోల్ పెట్టెల్లో సర్ది, దుప్పటి కప్పి, వీధి దాటి అయిదు సార్లు తిరిగాను. ప్రతిదానికీ చిల్లులున్న ప్లాస్టిక్కు డబ్బా కూడా తెచ్చాను. గుమ్మం దాటిన ప్రతిసారీ ఆమె "ఇంకా ఉన్నాయా" అంటూ దారిచ్చింది. మొహం మాత్రం అవతలికి తిప్పుకుని తలుపు పట్టుకుంది. ఆమెకి పాములంటే భయం. నాకు తెలుసు. అయినా తలుపు వదల్లేదు.

ఆ గది పాత రకం. గోడ అవతల పొయ్యి ఉంటుంది, దాని వేడి నేల కింద రాళ్ల సందుల్లోంచి పాకి అవతలి చివర పొగగొట్టంలోకి పోతుంది. నేల మీద నూనె కాగితం అంటించి ఉంటుంది. పొయ్యి వైపు కాగితం మాడిన అన్నం అడుగులా ఎర్రగా నల్లబడి ఉంది. ఆ చోటు ఇంటికి పెద్దది. తాతకి, చుట్టానికి, బాలింతకి, కొత్త కోడలికి ఆ చోటే ఇస్తారు. మొగుడు ఆలస్యంగా వస్తే అన్నం గిన్నె అక్కడే దుప్పటి కింద దాస్తారు. మామ్మ అక్కడ ఉడికించిన సోయా గింజల గంప పెట్టి పాత దుప్పటి కప్పి ఉంచింది, పులవడానికి. గదంతా ఆ వాసన, తడిసిన మేజోళ్ల వాసనలాంటిది. నా పాములు ఏమనుకున్నాయో తెలీదు.

నా దగ్గర వేడి కొలిచే తుపాకీ ఉంది. మీట నొక్కితే ఎక్కడ గురి పెడితే అక్కడి అంకె చూపిస్తుంది. పొయ్యి వైపు నేల యాభై రెండు. గది నడుమ ముప్ఫై ఏడు. గుమ్మం దగ్గర ఇరవై మూడు.

"ఏంటది, నా నేలని కాలుస్తున్నావ్?"

"వేడి చూస్తున్నానండీ. వీటికి ఒక పక్క ముప్ఫై ఒకటి కావాలి, రెండో పక్క ఇరవై ఆరు."

"ముప్ఫై ఒకటి అంటే ఎలా ఉంటుంది?"

పదేళ్లుగా ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటి అని బతుకుతున్నాను, అది ఎలా ఉంటుందో నన్నెవరూ అడగలేదు. తుపాకీతో వెతికి వెతికి గుమ్మానికి రెండు మూరలు ఇవతల ముప్ఫై ఒకటి చూపించే చోటు పట్టాను. ఆమె చేయి పట్టుకుని మణికట్టు వెనక భాగం అక్కడ ఆనించాను. ఆమె కళ్లు మూసుకుంది.

"ఓ, ఇదా! రెండో రోజు బియ్యం కల్లు కుండ వేడి కంటే ఒక పిసరు ఎక్కువ, చంటిపిల్ల పొత్తిగుడ్డ వేడి కంటే ఒక పిసరు తక్కువ. ఇంతదానికి తుపాకీ ఎందుకోయ్?"

ఆపైన పని ఆమె చేతుల్లోకి పోయింది. పాత కాగితాలు ఎక్కడ ఎన్ని మడతలు వెయ్యాలో, బొంత ఎక్కడ నాలుగు మడతలు, ఎక్కడ రెండు మడతలు ఉండాలో చేత్తో తడుముతూ చెప్పింది. ప్రతి డబ్బా సగం నేలకి దగ్గరగా, సగం బొంత మడత మీదికి వచ్చేలా పెట్టాం. వెచ్చని మూల, చల్లని మూల ఎందుకు ఉండాలో నేను చెప్తే, "మనిషికీ అంతే కదా, కాళ్లు లోపల, మొహం బయట" అంది. అన్నీ సర్దాక నేను తుపాకీతో చూశాను. ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. ముప్ఫై ఒకటి. ఒకే ఒక్క డబ్బా ముప్ఫై నాలుగు చూపించింది. "దాని కింద ఇంకో మడత వెయ్యమని నేను చెప్పానా లేదా?" అంది మామ్మ. చెప్పింది. నేనే వినలేదు.

గోడ మీట, పట్టీ, నా ముప్ఫై ఒక్క గూళ్ల ఏర్పాటు అన్నీ కలిపి ఏ పూటా వేడిని అంత నిలకడగా ఉంచలేదు. మామ్మ పొయ్యిని చూసే తీరు చూడాలి. దిమ్మె మీద దిమ్మె పెట్టేటప్పుడు రెండింటి కన్నాలూ సూటిగా కలవాలి, కలవకపోతే పైది అంటుకోదు. గాలి కన్నానికి గుడ్డ ముక్క కూరుతుంది, తీస్తుంది. అర వేలు, పావు వేలు. మామూలుగా ఆమె రోజుకి మూడు దిమ్మెలతో సరిపెడుతుంది, గాలి కన్నం మూసి, తాను రెండు బొంతలు కప్పుకుని. నా పాములకోసం రోజుకి ఆరు పెట్టింది. వసారాలో పేర్చిన దిమ్మెలు సాయంకాలానికి తగ్గడం నేను చూశాను.

"మామ్మగారూ, దిమ్మెలకి నేను..."

"నోరు మూసుకో. పేదలకి పంచే సంఘం వాళ్లు ఊరికే ఇచ్చినవి. నేను కొన్నానా, నువ్వు కొంటానికి?"

బొగ్గు పొగ విషం సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఈ ఊళ్లో పొగకి పోయినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆమె కిటికీ రెక్క ఒక వేలు సందు తెరిచి ఉంచింది. ఆ సందులోంచి వచ్చే చలి ఏ డబ్బాకీ తగలకుండా అడ్డంగా తన చీపురు, బట్టల మూట నిలబెట్టింది. నేను గుమ్మం పక్క నడుం వాల్చాను. ఎప్పుడు కళ్లు తెరిచినా ఆమె కూర్చునే ఉంది, అరచేయి ఏదో ఒక డబ్బా అంచు మీద.

గురువారం పొద్దున నాకు సోయా పులుసు, ముల్లంగి ఊరగాయ పెట్టింది. నేను తింటుంటే అడిగింది.

"పెళ్లాం లేదా?"

"ఉండేది. సువొన్‌లో ఉంటోంది."

"పాముల వల్లా?"

"పాములు తర్వాత వచ్చాయి. గని మూసేశాక వెళ్లిపోయింది."

"అయితే పాముల తప్పు లేదన్నమాట." ఇంకో గరిటె పులుసు పోసింది. "నీ తప్పు ఎంతో తినేసి చెప్పు."

ఇలాంటి మాటలు ఎవరన్నా అంటే నేను గిన్నె తోసేసి లేచి పోయేవాణ్ణి. ఆ రోజు లేవలేదు. నా జీవితంలో నాకు ఊరికే ఏదైనా ఇచ్చినవాళ్లు తక్కువ. గనిలో జీతం కోసేవాళ్లు, బయట మాట కోసేవాళ్లు. ఇక్కడ ఎనభై నాలుగేళ్ల మనిషి, తనకి భయమైన జంతువుల మధ్య నిద్ర మానుకుని కూర్చుని, పైగా నాకు పులుసు పోస్తోంది. ఆ పులుసు రుచి గురించి నేను ఎక్కువ రాయలేను. గిన్నె అడుగు దాకా తిన్నాను.

గురువారం మధ్యాహ్నానికి ఆమె భయం సగం తగ్గింది. ఒక డబ్బా మూత చిల్లులోంచి చూస్తూ "ఇది నాలుక చాపింది నా వైపు" అంది.

"వాసన చూస్తోందండీ."

"సోయా గింజల వాసనకే అలిగి ఉంటుంది." కొంచెంసేపు చూసింది. "రంగు బాగుందే దీనిది. వెన్నలో కమలాపండు పిండినట్టు."

"అది ఆడది. గుడ్డులోంచి వచ్చిన రోజునుంచి నేనే పెంచాను. మూడేళ్లు. వచ్చే ఆదివారం అత్తారింటికి పోతోంది."

మా పాములవాళ్లలో అమ్మేశాను అనరు. అది డబ్బు మాట, అనడానికి బాగుండదు. అత్తారింటికి పంపాను అంటారు. తేగు నుంచి ఒక పళ్ల డాక్టరమ్మ ధర మాట్లాడుకుని ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది. మా వాళ్ల ముందు ఈ మాట వెయ్యి సార్లు అని ఉంటాను, ఎవరూ కళ్లెత్తి చూడలేదు. మామ్మ కళ్లెత్తింది.

"అత్తారింటికా? ఎంత దూరం?"

"తేగు. మూడు, నాలుగు గంటల దారి."

"ఈ చలిలో? అయ్యో తల్లీ!" అంది డబ్బా వైపు తిరిగి. "ఒంటరిగానా?"

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

శుక్రవారం పదిన్నరకి యొంగ్వొల్ ముసలాయన వచ్చాడు. నేను కొట్టులో ఆయన పక్కన ఉండి వైర్లు అందివ్వాల్సి వచ్చింది. వెళ్లేముందు డబ్బాలన్నీ చూశాను, అన్నీ ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు. "మామ్మగారూ, సాయంత్రానికి తీసుకుపోతా. కాసేపు నడుం వాల్చండి" అన్నాను. "వాలుస్తాలే, పో" అంది. ముసలాయన నెమ్మదిగా, శుభ్రంగా పని చేశాడు. ప్రతి వరస గూళ్లకి విడి లైను, ప్రతి లైనుకి విడి మీట. జొంగిల్ అతుకు కత్తిరించి నా చేతిలో పెట్టి, "ఇది చేసినవాడికి నీమీద పగ ఏమైనా ఉందా?" అని అడిగాడు. మూడు గంటలకి గూళ్లు మళ్లీ వెచ్చబడ్డాయి. పెట్టెలు పట్టుకుని వీధి దాటాను.

తలుపు తోస్తే గది నిశ్శబ్దంగా ఉంది. మామ్మ గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది, చేతిలో గాలి కన్నం గుడ్డ ముక్క. రెండు రాత్రుల నిద్ర ఒక్కసారి పట్టేసింది. డబ్బాలు లెక్కపెట్టాను. ముప్ఫై. మళ్లీ లెక్కపెట్టాను. అప్పుడు పొయ్యి వైపు చూశాను. సోయా గింజల గంప గుమ్మం దగ్గర చలిలో ఉంది. అది ఉండాల్సిన చోట, ఎర్రగా మాడిన నూనె కాగితం మీద, కింద ఏ మడతా లేకుండా ఒక డబ్బా. దాని మీద మామ్మ మంచి బొంత, నెమళ్లు కుట్టిన పెళ్లినాటి పట్టు బొంత, నాలుగు వైపులా దోపి కప్పి ఉంది.

బొంత ఎత్తాను. తుపాకీ పెట్టాల్సిన అవసరం లేదు, అయినా పెట్టాను. నలభై ఏడు. అది చుట్టుకుని లేదు. ఒళ్లు వదిలేసి, నోరు కొంచెం తెరిచి, పొట్ట కింద గులాబీ రంగు తేలి, ఒక పక్కకి ఒరిగి ఉంది. జరగడానికి దానికి రెండో మూల లేదు.

మామ్మ కళ్లు తెరిచింది.

"లేచిందా పెళ్లికూతురు? ఆదివారం దాకా ఆగుతుందనుకున్నా, నువ్వు సాయంత్రమే తీసుకుపోతానన్నావ్. అత్తారింటికి పోయే పిల్లని మూల గుమ్మం దగ్గర పడుకోబెడితే నా మొహం ఏం కావాలి? ఒక్క అరగంట పెద్ద చోట ఒళ్లు కాగితే దారి పొడుగునా చలి తగలదని..." ఆగింది. కిటికీ వెలుతురు చూసింది. "ఎంతైంది టైము?"

"మూడు దాటింది."

"పన్నెండింటికి పెట్టానే."

ఆమె పాక్కుంటూ వచ్చి డబ్బాలోకి చూసింది. రెండు రోజులుగా మూత చిల్లుల్లోంచి తప్ప చూడని మనిషి, వేలు చాచి దాని వీపు తాకింది.

"బుద్ధిగా పడుకుంది కదా."

నాకు కోపం రావాలి. నాకు కోపం తెలుసు, అది వచ్చే దారి నా ఒంట్లో నలిగిన దారి. జొంగిల్ మీద ఎంత వచ్చిందో మీరు చూశారు. ఆ నిమిషం ఆ దారి వెతుక్కున్నాను, లేదు. ఆ పట్టు బొంత కనపడుతోంది. ఆ గంప కనపడుతోంది, నాలుగు రోజుల గింజలు చలికి చచ్చిపోయి. ఆమెకి ఉన్న వాటిల్లో పెద్దవి రెండే, ఆ చోటూ ఆ బొంతా. రెండూ నా పాముకి ఇచ్చింది.

"మామ్మగారూ, దీనికి ముందునుంచే ఒంట్లో బాలేదు. నిన్ననే ముక్కులోంచి బుడగలు వచ్చాయి. మీకు చెప్పలేదు నేను."

"నిన్న నాలుక చాపింది."

"చలి తగిలితే అలాగే చాపి, మర్నాడు పోతాయి. ఇది ఆ కరెంటువాడి పాపం. మీది కాదు."

ఆమె డబ్బా మూత పెట్టింది. నమ్మిందో లేదో ఇప్పటికీ నాకు తెలీదు.

"అత్తారింటివాళ్లకి ఏం చెప్తావ్?"

"ఇంకోదాన్ని పంపుతా. కావలసినన్ని ఉన్నాయి."

"ఖరీదు ఎంత?"

"పాముకి ఖరీదేంటండీ."

"అడిగినదానికి చెప్పు."

"ఇరవై వేలు."

"ఇరవై వేల వాన్లా!" నిజంగానే నోరు తెరిచింది. "పాముకా? ఒక వేపుడు కోడి వస్తుంది, పక్కన ముల్లంగి ఊరగాయ కూడా ఇస్తారు!" లేచి బీరువా తెరిచి, బట్టల అడుగున చిన్న సంచి తీసి, రెండు పదివేల నోట్లు ఇస్త్రీ చేసినట్టు సవరించి నా చేతిలో పెట్టింది.

"వద్దు మామ్మగారూ."

"నీ గదిలో కరెంటు వల్ల పోతే నీది. నా గదిలో పోయింది. పట్టు."

వద్దని ఇంకోసారి అంటే ఆమెకి అర్థమైపోయేది. జేబులో పెట్టుకున్నాను.

ముప్ఫై పాముల్ని అయిదు తిరుగుళ్లలో కొట్టుకి చేర్చాను. ఆ వారమంతా పొద్దునా సాయంత్రం ఒక్కొక్కదాని ముక్కు దీపం పెట్టి చూశాను. ఒక్కదానికి కూడా బుడగ రాలేదు. ఒక్కటీ తిన్నది కక్కలేదు. పదిహేడు కింద చలిలో, రెండు రోజులు మీట లేకుండా, ఒక ముసలామె మణికట్టు మీద ముప్ఫై ప్రాణాలు నిలబడ్డాయి. మా పాములవాళ్లకి చెప్తే నమ్మరు, అంకె ఏ పరికరంతో తీశావ్ అంటారు. ఇప్పుడు నెలకోసారి బొగ్గు దిమ్మెలు ఆమె వసారాలో నేనే పేరుస్తాను. "ఎవరిచ్చార్రా" అంటే సంఘం వాళ్లంటాను. నా గడప ముందు ఆమె ఇప్పుడు ఉప్పు చల్లదు, బూడిద చల్లుతుంది, నేను జారి పడకుండా.

పళ్ల డాక్టరమ్మ ఇంకోదాన్ని తీసుకోలేదు. ఆ రంగే కావాలంది, ఆ రంగు నా దగ్గర మరొకటి లేదు. ఆవిడతో మాట్లాడుకున్న ధర ఇరవై ఎనిమిది లక్షల వాన్లు. మామ్మ ఇచ్చిన రెండు నోట్లు పోను, ఆ చలిలో నేను పోగొట్టుకున్నది ఇరవై ఏడు లక్షల ఎనభై వేల వాన్లు.